పాము ఆకలి పాలతో తీరదు

హాలియా: నాగుల పంచమి, నాగులచవితి రోజుల్లో బుట్టల్లోని నాగుపాములు ఇళ్ల ముంగిళ్లకు వస్తుంటాయి. పాము పాలు తాగితే భక్తులు సంతృప్తి చెందుతారు. అది ఎన్నాళ్లుగా ఆకలితో ఉన్నదన్న సంగతి ఎవరికీ పట్టదు.

పాము మాంసాహారి. ఎలుకలు, కప్పలు, పక్షి గుడ్లు దాని ఆహారం. పాలను జీర్ణించుకునే శక్తి దానికి లేదు. రోజుల తరబడి నీరు ఇవ్వనందునే దాహంతో గిన్నెలో నోరు పెడుతుంది. పాలు ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణానికే ముప్పు. కోరలు పీకిన పాము నోరు పుండై ఎరను పట్టలేదు.

మూడేళ్లకు తగ్గని జైలు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పాములను పట్టడాన్ని, పెంచడాన్ని నిషేధించింది. 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రాగా, నాగుపాము మొదటి షెడ్యూల్‌లో చేరింది. దీన్ని పట్టినవారికి 3 నుంచి 7 ఏళ్ల జైలు, రూ.25 వేలకు తగ్గని జరిమానా విధించవచ్చు.

విదేశీ పాముకూ నియమాలే

నగరాల్లో కొందరు బాల్ పైథాన్ వంటి విదేశీ పాములను పెంచుకుంటున్నారు. 2024 నిబంధనల ప్రకారం వీటిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కొత్తగా తెచ్చిన పామును తొలి వారం తాకరాదు. దాక్కునే చోటు, తాగునీరు, ఒకవైపు వెచ్చదనం, మరోవైపు చల్లదనం ఉండాలి. అది కుదురుకున్నాకే ఆహారం పెట్టాలి. ప్రాణంతో ఉన్న ఎలుక పామును కరిచే ప్రమాదం ఉన్నందున, చంపి శీతలపెట్టెలో నిల్వచేసిన ఎలుకను పూర్తిగా కరిగించి, వెచ్చబరచి ఇవ్వాలి. ఎలుక పాము నడుము లావును మించరాదు. తిన్న తర్వాత రెండు రోజులు కదిలించరాదు, కదిలిస్తే కక్కివేస్తుంది. బోనులో పుట్టిన పాముకే ఇంత శ్రద్ధ అవసరమైనప్పుడు, పుట్టలోంచి పట్టి తెచ్చిన నాగు బుట్టలో ఎలా బతుకుతుంది?

పొలమే దాని ఇల్లు

సాగర్ ఎడమకాలువ ఆయకట్టులో వరికి ఎలుకల బెడద రైతులకు తెలిసిందే. జెర్రిపోతు, నాగుపాము వాటిని తిని పంటను కాపాడతాయి. వాటిని పొలంలోనే ఉండనివ్వడం రైతుకే లాభం.

అయితే చట్టం ఒక్కటే చాలదు. పాములు ఆడించి పొట్టపోసుకునే కుటుంబాలకు మరో దారి చూపాలి. తమిళనాడులో ఇరుల గిరిజనులు 1978లో సహకార సంఘంగా ఏర్పడ్డారు. అనుమతితో పాములను పట్టి, విషం సేకరించి, తిరిగి అడవిలో వదులుతున్నారు. పాముకాటు మందు తయారీకి ఆ విషమే ఆధారం. పాములపై ఇక్కడివారికి ఉన్న నేర్పును ఇళ్లలోకి వచ్చిన పాములను పట్టి అడవికి చేర్చే పనికి అటవీశాఖ వినియోగించుకుంటే పాముకూ, వారి కుటుంబాలకూ ఆకలి తప్పుతుంది.