నలభై గుడారాలు చాలు

రాత్రి రెండు గంటలవేళ మెలకువ వచ్చింది. వాన పడుతోందనుకొని కంగారుగా గుడారం తెర తొలగించి చూశాను. ఆకాశం నిండా నక్షత్రాలు. ఎక్కడా మబ్బుతునక లేదు. ఆ చప్పుడు నదిది. సాయంత్రం మేము భోజనాలు చేస్తున్నప్పుడు మా కబుర్లకు అడ్డు రాకుండా పారిన నది, మేము పడుకున్నాక గొంతు పెంచింది. పగటి ఎండకు శిఖరాల మీద కరిగిన మంచు నీరై లోయకు చేరేసరికి పొద్దుపోతుంది. అందుకే వేసవి మొదట్లో ఈ కొండనదులు పగటికన్నా రాత్రివేళ ఉరవడిగా పారుతాయి. ఈ సంగతి ఎప్పుడో చదివే ఉన్నాను. చెవితో తెలుసుకున్నది మాత్రం ఆ రాత్రే.

ఇది కొన్నేళ్ళ క్రిందటి మాట. కాలిఫోర్నియాలో సియెర్రా నెవాడా పర్వతాల దక్షిణభాగాన, సెకోయా జాతీయ ఉద్యానవనంలో ఒక మూలకు ఒదిగిన లోయ మినరల్ కింగ్. అందులో కవీయా నది తూర్పుపాయ ఒడ్డున కోల్డ్ స్ప్రింగ్స్ అనే చిన్న విడిది ఉంది. ఎత్తు సుమారు 7,500 అడుగులు. గుడారాలు వేసుకోవడానికి 40 జాగాలు, అంతే. ఇళ్ళలాంటి పెద్ద బండ్లకూ, ట్రైలర్లకూ ప్రవేశం లేదు. త్రీ రివర్స్ అనే ఊరినుంచి పాతిక మైళ్ళే గానీ, వందల మలుపులు తిరిగే ఆ సన్నటి దారిలో గంటన్నర పడుతుంది. చలికాలమంతా మంచు మూసేస్తుంది. కార్చిచ్చులు, వరదలు, మరమ్మతులు వచ్చినప్పుడు మిగతా కాలంలోనూ మూతపడుతూంటుంది కనుక, వెళ్ళదలచినవారు ముందుగా విచారించుకోవడం మంచిది.

అక్కడ ఫోను పలకదు. వేడినీళ్ళ స్నానం ఉండదు. మరుగుదొడ్డి అంటే గుంట మీద కట్టిన గది. తినే వస్తువులన్నీ, ఆఖరికి సబ్బు, పళ్ళపొడితో సహా, ఎలుగుబంట్లు తెరవలేని ఇనపపెట్టెలో పెట్టి గడియ వేయాలి. మా ఆవకాయ సీసా కూడా ఆ పెట్టెలోనే నిద్రించింది. ఇక వేసవి మొదట్లో మార్మొట్లనే జంతువులు కార్ల కిందికి దూరి రబ్బరు గొట్టాలూ, తీగలూ కొరికేస్తాయి. చూడటానికి మన పందికొక్కుకు పెద్దన్నలా ఉంటుంది ఈ ప్రాణి. దాని బారినుంచి కాపాడుకోవడానికి జనం కార్లకు కిందనుంచి పైదాకా టార్పాలిన్లు చుట్టడం చూసి మా పిల్లలు పడీపడీ నవ్వారు.

ఇంకొక చిక్కు వంట. అంత ఎత్తున నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఈ అనుభవం ఉన్నవాళ్ళం కనుక కుక్కరు తీసుకెళ్ళాము. మొదటి కూత వేసేసరికి లోయంతా మారుమ్రోగింది. పక్క జాగాలోని పెద్దావిడ వచ్చి, ఇక్కడిదాకా రైలు ఎప్పుడు వేశారని నవ్వుతూ అడిగింది. నేనూ నవ్వాను గాని, లోపల సిగ్గుపడ్డాను. ఆ క్షణందాకా ఆ లోయ ఎంత నిశ్శబ్దంగా ఉందో నేను గమనించనే లేదు.

ఆ ఏడు అమ్మ మా దగ్గర ఉంది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. నేలమీద పడుకోవడం కష్టం, చీకట్లో మరుగుదొడ్డిదాకా నడవడం మరీ కష్టం. అందుచేత దారిలో దిగువన అద్దెకిచ్చే కర్ర ఇల్లొకటి తీసుకొని, రాత్రిళ్ళు అమ్మనూ నా భార్యనూ అక్కడ ఉంచి, పగలు విడిదికి తీసుకొచ్చేవాణ్ణి. మొదటిరోజు నది ఒడ్డున నిలబడి, "దీని పేరేమిటిరా?" అంది. చెప్పాను. "ఆడపేరే" అని తృప్తిపడింది. చేతిసంచీలోనుంచి పసుపు కుంకుమల పొట్లమూ, ఒక నాణెమూ తీసింది. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి. ఏ నదిని చూసినా ఆ చేయి ఊరుకోదు. "అమ్మా, ఇక్కడ నీళ్ళలో ఏమీ వేయకూడదు" అన్నాను. ఏమంటుందోనని భయపడ్డాను కూడా. వాదించలేదు. పొట్లం మడిచి లోపల పెట్టుకొని, వంగి దోసెడు నీళ్ళు తీసి తలమీద చల్లుకొని, మిగిలినవి నదిలోకే వదిలి, "కాలు పెడుతున్నానమ్మా, ఏమీ అనుకోకు" అంది. ఆ తరువాతనే నీళ్ళలో కాలు పెట్టింది. ఆ చలికి వెంటనే తీసేసిందనుకోండి, అది వేరే సంగతి.

తిరుగుప్రయాణంలో మాతో వచ్చిన మిత్రుడొకడు అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. "ఇంత అందమైన చోట నలభై గుడారాలేమిటి గురూ? నాలుగు వందలు వేయొచ్చు. రోడ్డు వెడల్పు చేసి, ఒక మంచి హోటలు కట్టి, ఫోను స్తంభం వేస్తే మీ అమ్మగారిలాంటి వాళ్ళు కూడా హాయిగా రాత్రి ఉండొచ్చు కదా! ఇది కాళ్ళలో బలమూ, చేతిలో తీరికా ఉన్నవాళ్ళ సొత్తా?" అన్నాడు. నేనప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ముందురోజు సాయంత్రం అమ్మను ఆ మలుపుల దారిలో దింపుతూ, ఆవిడ కడుపులో తిప్పుతోందని కళ్ళు మూసుకొని కూర్చుంటే, నాకూ అదే కోరిక కలిగింది మరి.

తరువాత ఆ లోయ చరిత్ర చదివితే తెలిసింది, మా వాడి ప్రశ్న కొత్తది కాదని. 1870లలో వెండి దొరుకుతుందని జనం అక్కడికి ఎగబడ్డారు. లోయకు ఖనిజాల రాజు అనే పేరు అప్పటిదే. వెండి పెద్దగా దొరకలేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, గనులు మూసి వెళ్ళిపోయారు. తరువాత 1965లో అటవీశాఖ అక్కడ మంచుక్రీడల విహారస్థలం కట్టడానికి ప్రతిపాదనలు పిలిచింది. వాల్ట్ డిస్నీ సంస్థ ప్రణాళికను ఎంచుకుంది. మూడున్నర కోట్ల డాలర్ల ఖర్చు. బసలు, భోజనశాలలు, ఈతకొలనులు, కార్లు నిలిపే స్థలాలు. రోజుకు 14,000 మంది సందర్శకులు. వీరికోసం ఇరవై మైళ్ళ రహదారి, కొండల మీదుగా కరెంటు తీగలు. వాళ్ళు చెప్పిన కారణం కూడా మా మిత్రుడు చెప్పినదే: అందరూ చూడాలి కదా!

సియెర్రా క్లబ్బు 1969లో దావా వేసింది. 1972 ఏప్రిల్ 19న అమెరికా సుప్రీంకోర్టు 4-3 మెజారిటీతో, తన సభ్యులకు స్వయంగా కలిగే నష్టమేమిటో క్లబ్బు చూపలేదు గనుక దానికి దావా వేసే అర్హత లేదని తీర్పిచ్చింది. అయితే ఆ కేసును ఈనాటికీ జనం గుర్తుంచుకున్నది విలియం డగ్లస్ అనే న్యాయమూర్తి రాసిన భిన్నాభిప్రాయం వల్ల. ఓడలకూ, వ్యాపారసంస్థలకూ చట్టం వ్యక్తిత్వాన్ని ఇస్తున్నప్పుడు, నదికీ లోయకూ ఎందుకు ఇవ్వకూడదని ఆయన వాదన. నదిని ఎరిగినవారు నది తరఫున మాట్లాడవచ్చు. ఆ రోజు ఆయన పక్షం ఓడింది. కాని వ్యవహారం ఏళ్ళ తరబడి సాగింది, ప్రజల ఆలోచన మారింది. 1978లో అమెరికా కాంగ్రెసు ఆ లోయను సెకోయా జాతీయ ఉద్యానవనంలో కలిపింది. విహారస్థలం కాగితం మీదే మిగిలిపోయింది.

డగ్లస్ వాదన చదువుతున్నప్పుడు నాకు గుర్తొచ్చింది అమ్మ. కాలు పెట్టేముందు నదికి చెప్పుకునే మనిషికి ఈ వాదన ఎవరూ నేర్పనక్కరలేదు. మన దేశంలోనూ 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలు చట్టం దృష్టిలో వ్యక్తులని ప్రకటించింది. ఆ జులైలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. చట్టం సంగతి చట్టానికి వదిలేద్దాం. నాకు తోచేదల్లా, మనం వెళ్ళే చోటుకు కూడా ఒక మాట ఉంటుందనీ, ఎంతమందిని మోయగలదో అది తన పద్ధతిలో చెబుతూనే ఉంటుందనీ.

లెక్క వేసి చూడండి. ఒక్కో జాగాలో ఆరుగురికి మించకూడదని నియమం. నలభై జాగాలంటే, అన్నీ నిండినా రాత్రికి 240 మంది. డిస్నీ ప్రణాళికలో రోజుకు 14,000. అంటే దాదాపు 58 రెట్లు. ఆ సన్నటి లోయలో, ఆ సన్నటి నది పక్కన అంతమంది ఉంటే, రాత్రి రెండింటికి నది గొంతు పెంచిందని ఎవరికి తెలుస్తుంది? అందరికీ చూపిస్తామన్న వస్తువు, అందరూ వచ్చేసరికి అక్కడ మిగిలి ఉండాలి కదా! నది పెద్దదే కావచ్చు, రేవుకు మాత్రం ఒక వెడల్పు ఉంటుంది. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజున, రాజమండ్రిలో ఒక్క ఘాటుకు లెక్కకు మించిన జనం చేరినప్పుడు పాతికమందికి పైగా తొక్కిసలాటలో ప్రాణాలు కోల్పోయారు. గోదావరిలో నీళ్ళకు కొదవా? కొదవల్లా ఆ మెట్లమీద చోటుకు.

మా మిత్రుడి ప్రశ్నలో న్యాయం లేదని అనను. సౌకర్యం వేరు, సంఖ్య వేరు. ఈ రెంటినీ కలిపి మాట్లాడటంలోనే ఉంది తిరకాసు. వృద్ధులకు పట్టుకోవడానికి కమ్మీ, చక్రాల కుర్చీ వెళ్ళగల బాట, నేలకు ఎత్తుగా మంచం వేసిన గుడారం ఒకటో రెండో ఏర్పాటు చేయండి, నేను సంతోషిస్తాను. ఆ నలభైలో నాలుగు జాగాలు అమ్మలాంటివాళ్ళకు కేటాయించండి, మరీ సంతోషిస్తాను. దానికి హోటలు అక్కరలేదు, నాలుగు వందల గుడారాలూ అక్కరలేదు. అమ్మలాంటివాళ్ళ పేరు చెప్పి కట్టే హోటలులో చివరికి దిగేది అమ్మలాంటివాళ్ళేనా అన్నది కూడా ఆలోచించవలసిన మాటే. గుడారం జాగాకు అద్దె స్వల్పం. జాగా దొరకకపోవచ్చు, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు రావలసి ఉంటుంది. వంతుకోసం ఆగడం అన్యాయం కాదు. డబ్బున్నవాడు ముందుకు రావడం అన్యాయం.

ఇంకో వైపునుంచి కూడా చూడాలి. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టే హిమాలయాల్లోని బుగ్యాళ్ళలో, అంటే చెట్లు పెరగనంత ఎత్తున ఉండే పచ్చికబయళ్ళలో, రాత్రి బసను పూర్తిగా నిషేధించింది. పగలైనా సందర్శకులు రెండువందలకు మించకూడదంది. ఆ పచ్చికల స్థితి చూస్తే తప్పుపట్టలేము. అయినా నాకు బాధ కలిగింది. కొండనది పక్కన ఒక్క రాత్రి గడిపితే మనిషికి తెలిసేది, పది పగళ్ళు చూసినా తెలియదు. ఆ తీర్పుతో ఆ రాత్రి అక్కడ ఎవరికీ లేకుండా పోయింది. నలభై దగ్గర ఆగడం మనకు చేతకాకపోతే, ఎవరో వచ్చి సున్నా దగ్గర ఆపుతారు. అందుకే చిన్న విడుదులను చిన్నవిగా ఉంచమని అడగడం స్వార్థం కాదని నా నమ్మకం. రేపు వచ్చేవాడికి ఆ రాత్రి మిగలాలంటే వేరే దారి లేదు.

ఆగడమనేది అధికారుల పనే కాదు. మనవాళ్ళం ఎక్కడికి వెళ్ళినా నాలుగు కుటుంబాలుగా వెళతాము, పాటలపెట్టె వెంట తీసుకెళతాము, అర్ధరాత్రిదాకా అంత్యాక్షరి ఆడతాము. ఈ మాట మీలో ఎవరినో ఉద్దేశించి అంటున్నది కాదు. ఇరవైమందితో వెళ్ళి ఇంకొక విడిదిలో ఇవన్నీ చేసినవాణ్ణి నేనే. రాత్రి పదినుంచి తెల్లవారి ఆరుదాకా నిశ్శబ్దం పాటించమన్న బోర్డు పక్కనే కూర్చుని చేశాను. ఇప్పుడు పప్పు ఇంట్లోనే ఉడికించి తీసుకెళుతున్నాము. గిన్నెలు తోమిన నీళ్ళు నదికి దూరంగా పారబోస్తున్నాము. ఇవి పెద్ద త్యాగాలేమీ కావు.

ఆఖరి రోజు ఉదయం గుడారం విప్పి చుట్టాక, నేలమీద మేకులు దిగిన గుంతలు మిగిలాయి. కాలితో పూడుస్తూంటే ఒక కారు వచ్చి ఆగింది. ఇద్దరు చిన్నపిల్లలు, తల్లిదండ్రులు. మీరు ఖాళీ చేస్తున్నారా అని మొహమాటంగా అడిగారు. అవునన్నాను. పిల్లలు అప్పుడే నదివైపు పరుగెత్తారు. వాళ్ళ తండ్రి చుట్టూ చూసి, ఇక్కడ చూడవలసినవి ఏమున్నాయని అడిగాడు. శిఖరాల పేర్లు చెప్పబోయి మానేశాను. రాత్రి మెలకువ వస్తే కాసేపు నిద్రపోకుండా వినమని మాత్రం చెప్పి వచ్చాను.