పిట్టల తుపాకికి అంత బలమెందుకు?

గాలి తుపాకిని మనవాళ్ళు పిట్టల తుపాకి అంటారు. దాని చుట్టూ ఉన్న చిక్కంతా ఆ పేరులోనే ఉంది. ఇప్పుడు ఉక్కు స్ప్రింగుకు బదులు గ్యాస్ రామ్ అమర్చిన బలమైన ఎయిర్ రైఫిళ్ళు అందుబాటులోకి వచ్చాయి. వాటి బలాన్ని చూసి మురిసిపోయే మిత్రులతో నాకు కొంత పేచీ ఉంది.

దీని పనితనం ముచ్చటైనదే. బ్యారెల్‌ను వంచి ఎక్కుపెట్టినప్పుడు మూసిన గొట్టంలోని వాయువు బాగా నొక్కుకుపోతుంది. ట్రిగ్గర్ లాగగానే ఆ వాయువు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ ముందున్న గాలి నలిగి సీసపు గుండును వెళ్ళగొడుతుంది. స్ప్రింగును గంటలకొద్దీ ఎక్కుపెట్టి ఉంచితే సడలుతుంది, వాయువు సడలదు. దీన్నే పెద్ద సుగుణంగా చెబుతారు. కాని గంటలకొద్దీ ఎక్కుపెట్టి కాచుకోవలసిన అవసరం వేటగానికి తప్ప మరెవరికి? మన దేశంలో గువ్వనో కొంగనో కొట్టటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. గురి అభ్యసించేవాడు ఎక్కుపెట్టిన కాసేపటికే కాలుస్తాడు. ఎక్కుపెట్టి మరచిన తుపాకి పిల్లల చేతికి చిక్కితే ఆ సుగుణమే శాపమవుతుంది.

బలం పెరిగినకొద్దీ చాకిరీ కూడా పెరుగుతుంది. గుండు లేకుండా కాలిస్తే మెత్తగా ఆపే గాలి లేక పిస్టన్ వెళ్ళి గది గోడను గుద్దుకుంటుంది. పిస్టన్ గదిలో మామూలు నూనె వేస్తే ఆ ఒత్తిడి వేడికి డీజిల్ ఇంజనులో లాగా భగ్గుమంటుంది. అదురు ముందుకూ వెనక్కూ రెండువైపులా ఉంటుంది కనుక దాన్ని తట్టుకోలేని టెలిస్కోపు పాడవుతుంది, మరలు వదులవుతాయి. వాయువు కారిపోతే ఇంట్లో విప్పి బాగుచేయరాదు. రామ్ మొత్తాన్ని మార్పించాలి. ఇంత ఓపిక లేనివాడు దీన్ని కొనకపోవటమే మేలు.

2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్ళ శక్తిని గాని, 4.5 మిల్లీమీటర్ల వ్యాసాన్ని గాని మించిన గాలి తుపాకికి లైసెన్సు కావాలి. ఆ హద్దు దాటించే ఉపాయాల కోసం వెదికేవారు ఒక్క సంగతి గమనించాలి. ఒలింపిక్స్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ శక్తి సుమారు 7.5 జౌళ్ళు మాత్రమే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది అంతటి స్వల్ప శక్తితోనే. వారిని గెలిపించింది ఊపిరి మీద అదుపు, వేలి మీద అదుపు.

కొన్నవారు కొనుక్కోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. వెనుక గట్టి గోడ ఉన్నచోట కాగితపు గురిని కాల్చండి. కాల్చటం అయ్యాక తుపాకిని, గుండ్లను వేరువేరుగా తాళం వేసి దాచండి. తెలంగాణ పల్లెల్లో పిట్టల దొర కట్టె తుపాకి పట్టుకొని కోతలు కోస్తే నవ్వుకుంటాం. ఆ తుపాకి పేలదు గనుక. మీ చేతిలోది పేలుతుంది. కోతలకు అది తగిన వస్తువు కాదు.