చెవికి గడియ

కంటికి రెప్ప ఉంది, నోటికి పెదవులున్నాయి, చెవికి మాత్రం మూత లేదు. ప్రకృతి ఏర్పాటు అనుకుని ఊరుకోవచ్చు. కానీ ఒకే ఇంట్లో, ఒకే హాల్లో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి కుక్కర్ విజిల్ వినపడి ఇంకొకరికి వినపడకపోవడాన్ని ఏమనాలి? పేపరు చదువుకుంటున్న ఆయనకి ఐదో విజిల్ కూడా వినపడదు. పొంగుతున్న పాలు, నిండి కారుతున్న ట్యాంకు, పక్కగదిలో పిల్ల దగ్గు, ఏదీ ఆయన దాకా రాదు. ఆయన చెవికి మూత ఎప్పుడో పెట్టేశారు. కొనక్కర్లేదు, చార్జింగు పెట్టక్కర్లేదు. మనం మాత్రం దాన్ని డబ్బిచ్చి కొనుక్కోవాలి. కొనుక్కున్నాక సంజాయిషీ కూడా ఇచ్చుకోవాలి.

ఈమధ్య ఒక రచయిత్రుల సమావేశంలో, నాకెంతో ఇష్టమైన ఒక విమర్శకురాలు నా ఇయర్‌ఫోన్లు చూసి, "సమస్య ఇంట్లో ఉంటే పరిష్కారం చెవిలో వెతుకుతున్నావా?" అన్నారు. ఇంకొకామె దీనికి 'వినియోగదారీ స్త్రీవాదం' అని పేరు పెట్టింది. "చుట్టూ ఉన్న శబ్దాలే కదా మన సాహిత్యం, చెవులు మూసుకుని ఏం రాస్తాం?" అని మూడో ఆమె బాధపడింది. రెండో మాటకి పెద్దగా జవాబు అక్కర్లేదు. నేను కళ్ళజోడు కొనుక్కున్నప్పుడు ఎవరూ ఆ మాట అనలేదు.

మూడో మాట ప్రమాదకరమైనది, ఎందుకంటే అది తియ్యగా ఉంటుంది. తాలింపు చప్పుళ్ళ మధ్య, పిల్లల ఏడుపుల మధ్య, వంటింటి గట్టు మీద కాగితాలు పెట్టుకుని రాసిన స్త్రీలని మనం ఎంతగా మెచ్చుకున్నాం! ఆడదాని ఓర్పుని పొగిడే పాత అలవాటే ఆ మెప్పులోనూ ఉంది. మగ రచయితని ఎవరైనా అందుకు మెచ్చుకున్నారా? "నాన్నగారు రాసుకుంటున్నారు, అల్లరి చెయ్యకండి" అని నోటి మీద వేలేసుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి ఎవరు? పిల్లల గొడవనీ, వచ్చేపోయే చుట్టాలనీ, అప్పులవాళ్ళ కేకల్నీ తన ఒంటితో అడ్డుకున్న ఆవిడే ఆ ఇంటి నాయిస్ క్యాన్సిలేషన్ యంత్రం. ముందుమాట చివర 'నా శ్రీమతి సహకారం' అని ఒక వాక్యం పడేసి ఆయన చేతులు దులుపుకున్నాడు. రాసుకునే ఆడవాళ్ళకి అలాంటి శ్రీమతి ఎక్కడ దొరుకుతుంది?

వర్జీనియా వుల్ఫ్ 1928లో కేంబ్రిడ్జి మహిళా కళాశాలల్లో మాట్లాడిన మాటలు 1929లో పుస్తకంగా వచ్చాయి. ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం, తలుపుకి గడియ ఉన్న ఒక గది కావాలని ఆమె వాదన. నల్లకుంటలో మా ఫ్లాటులో గడియ ఉన్న గది నాకూ ఉంది. టీవీ సీరియల్ ఆ గడియని లెక్కచెయ్యదు. "ఏమ్మా, ఒక్కసారి" అనే అత్తయ్యగారి పిలుపు తలుపు కింది సందులోంచి వచ్చేస్తుంది. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన కేంద్ర నిబంధనలు, నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదంటాయి. వీధిలో మైకు పెట్టినవాడి మీద ఫిర్యాదు చెయ్యొచ్చు. ఇంట్లోంచి వచ్చే పిలుపుల మీద ఎవరికి చేస్తాం?

కాబట్టి కొనుక్కోండి. కొనేటప్పుడు దుకాణంలో కుర్రాడి మాట మాత్రం వినకండి. "బేస్ అదిరిపోద్ది మేడమ్" అంటాడు. నాకు బేస్ వద్దు బాబూ, నిశ్శబ్దం కావాలి అంటే వింతగా చూస్తాడు. తర్వాత పెట్టె మీద పెద్దక్షరాలతో ఉన్న 'యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్' చూపిస్తాడు. బయటి శబ్దాన్ని ఒక బుల్లి మైకు విని, దానికి ఎదురు తరంగాన్ని పుట్టించి కొట్టేసే పద్ధతి అది. ఈ ఆలోచనకి పాల్ లూయెగ్ అనే జర్మన్ 1936లోనే అమెరికాలో పేటెంటు సంపాదించాడు. 1978లో అమర్ బోస్ జ్యూరిక్ నుంచి విమానంలో అమెరికా తిరిగివెళ్తూ, ఇంజను మోతలో పాట వినలేక, సీట్లో కూర్చునే లెక్కలు మొదలుపెట్టాడు. 1989లో ఆయన కంపెనీ పైలట్ల కోసం హెడ్‌సెట్ తెచ్చింది. అంటే ఇది విమానంలో కూర్చున్న మనిషి ఇబ్బందిలోంచి పుట్టిన వస్తువు. ఇంజను, ఏసీ, కూలరు, ఫ్యాను, ఇలా ఒకే తీరున సాగే మంద్రమైన హోరుని అది చక్కగా తగ్గిస్తుంది. కుక్కర్ విజిల్, గిన్నె జారిపడ్డ చప్పుడు, కాలింగ్ బెల్, మనిషి గొంతు దగ్గరికి వచ్చేసరికి దాని ప్రతాపం తగ్గిపోతుంది. మన తగువంతా వీటితోనే కదా! వీటిని అడ్డుకోవడంలో ఎక్కువ పని చేసేది చెవి రంధ్రాన్ని సందు లేకుండా మూసే ఆ చిన్న తొడుగు. ముందు దాన్ని చూడండి. మిగతా హంగులన్నీ తర్వాత.

తొడుగు దగ్గరే మన శరీరం లెక్కలోకి వస్తుంది. ఆడవాళ్ళ చెవి రంధ్రాలు సగటున మగవాళ్ళ కంటే చిన్నవి. ఆపిల్ కంపెనీ 2019లో ఎయిర్‌పాడ్స్ ప్రో తెచ్చినప్పుడు మూడు సైజుల తొడుగులిచ్చింది. వాటికంటే చిన్నది, నాలుగో సైజు, 2022 మోడల్‌తో గానీ రాలేదు. జాకెట్టు పట్టకపోతే టైలర్ని నిలదీస్తాం గానీ, ఇయర్‌ఫోను జారిపోతే నా చెవే సరిగ్గా లేదేమో అనుకుంటాం. మీ చెవి బాగానే ఉంది. రెండు చెవులూ ఒకే కొలత అని కూడా నమ్మకండి, నాకు కుడివైపు చిన్నది, ఎడమవైపు మధ్యది పడుతుంది. ఫోమ్ తొడుగైతే వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. సరిగ్గా కూర్చుందో లేదో మీ గొంతే చెబుతుంది. కుండలో తలపెట్టి మాట్లాడినట్టుంటే కూర్చున్నట్టే. పాట పెడితే తబలా మోత పల్చగా వినిపిస్తోందా, ఎక్కడో సందు ఉంది. వైరున్నవి కొంటే, పమిటకి రాసుకునే చప్పుడు నేరుగా చెవిలోకి వస్తుంది. వైరుని చెవి పైనుంచి వెనక్కి తిప్పి వేసుకుంటే తగ్గుతుంది. చెవి మొత్తాన్ని కప్పే పెద్ద డిప్పలు బుట్టలకీ కొప్పుకీ పడవు. ఈ ముక్క రాసిన సమీక్షకుణ్ణి నేనింతవరకు చూడలేదు, వాళ్ళలో కొప్పున్నవాళ్ళు తక్కువ కాబోలు.

బయటి చప్పుడుని మూయకుండా దానిమీద పాటని పెంచి కప్పెయ్యడం చెవికి చెరుపు. వారానికి 40 గంటలు వినేట్టయితే 80 డెసిబెల్స్ మించవద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. నేనైతే చాలాసార్లు ఏ పాటా పెట్టను. ఉత్త నిశ్శబ్దమే కావాలంటే బ్యాటరీలూ వైర్లూ లేని ఫోమ్ ప్లగ్గులు కాఫీ ఖరీదుకి దొరుకుతాయి. రోడ్డు మీద మాత్రం ఏవీ వద్దు. రాత్రిపూట వెనకనుంచి వచ్చే అడుగుల చప్పుడు మనం వినాలి. ఆ కాపలా కూడా మన వాటాకే వచ్చింది.

ఇక మొదటి మాట, చెవిలో పరిష్కారం సంగతి. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు వాటికి పెడుతున్నారు. మగవాళ్ళు 88. విజిల్ కోసం చెవి ఒగ్గి, ఒక కన్ను పుస్తకం మీద పెట్టుకుని కూర్చున్న గంట ఇందులో ఏ గడిలో పడుతుంది? సిద్ధాంత వ్యాసాలు ఏళ్ళ తరబడి ఎందుకు నడుస్తాయని గైడ్లు మనల్ని అడుగుతుంటారే, వాళ్ళకి చూపించవలసింది ఆ గంటనే. వినడం ఒక పని. చెవులు మూసుకోవడం ఆ పనికి సమ్మె. నేను మూసుకున్న మొదటివారం పప్పు రెండుసార్లు మాడింది. ట్యాంకు పొంగి మెట్లమీదకి నీళ్ళొచ్చాయి. కింది ఫ్లాటాయన వచ్చి బెల్లు కొడితే తలుపు తీసి మాటపడింది మా ఆయనే, నాకు వినపడలేదు కాబట్టి. మూడోవారానికి ఆయన విజిళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. 22 ఏళ్ళ మా చర్చల్లో ఏ ఒక్కటీ ఆ పని చేయించలేకపోయింది.

అయినా మా విమర్శకురాలి మాటలో ఒక ముల్లుంది. నేను మానేసిన వినికిడిని ఎవరు అందుకుంటున్నారు? మా ఆయన అందుకుంటే సరే. మా ఇంట్లో వంటచేసే ఆవిడ చెవికి అది బదిలీ అయితే నేను చేసింది సమ్మె కాదు. అందుకని ఆవిడ వెళ్ళాకే కుక్కర్ ఎక్కించాలని మా ఇంట్లో ఒక నియమం పెట్టాను. అత్తయ్యగారికి ఇది ఇప్పటికీ అర్థం కాని విషయం.

నా చెవిలోదేమిటని ఆవిడే ఒకరోజు అడిగింది. కూతురు ఇంటర్ చదువుతోంది, ఉన్నది ఒకటే గది, పక్కన వెల్డింగు షాపు. ఒక పాకెట్టు ఫోమ్ ప్లగ్గులిచ్చాను, పెట్టుకునే పద్ధతి నా చెవి మీదే చూపించాను. పది రోజుల తర్వాత అడిగితే, పిల్ల బాగా చదువుకుంటోందమ్మా అంది. నీళ్ళ ట్యాంకరు వచ్చే రోజు మాత్రం పెట్టుకోవద్దని చెప్పిందట. తమ్ముడు ఇంట్లోనే ఉంటాడు గానీ, వాడికి హారన్ వినపడదట.