హిమా దాస్ డీఎస్పీ ఉద్యోగం: మనకెందుకు మండుతుంది?

2021 ఫిబ్రవరి 26న గువాహటిలో ఒకే సభలో రెండు రకాల నియామక పత్రాలు ఇచ్చారు. ఒకటి హిమా దాస్‌కు, అస్సాం పోలీసు శాఖలో డీఎస్పీగా. మిగతావి 597 మంది కొత్త ఎస్సైలకు. ఆ 597 పోస్టుల రాతపరీక్ష 2020 సెప్టెంబరులో ప్రశ్నపత్రం బయటికి పొక్కి రద్దయింది. నవంబరులో మళ్లీ పెట్టారు. అంటే వాళ్లు ఒకే ఉద్యోగం కోసం రెండుసార్లు సిద్ధపడి ఆ సభకు వచ్చారు. వాళ్లకంటే రెండు మెట్లు పైనున్న ఉద్యోగాన్ని 21 ఏళ్ల అమ్మాయి రాతపరీక్షే లేకుండా అందుకుంది. ఇది చదవగానే మీకేమనిపించింది? నిజం చెప్పండి, ఇక్కడ మార్కులు వేసేవాళ్లెవరూ లేరు.

నాకైతే మండింది. తర్వాత ఆమె కెరీర్‌ను తీరిగ్గా చదివాను. మంట పూర్తిగా పోలేదు గానీ, దిక్కు మారింది.

హిమది నగావ్ జిల్లా ఢింగ్ దగ్గరి కంధూలిమారి. తండ్రి వరి రైతు. పొలాల్లో మగపిల్లలతో ఫుట్‌బాల్ ఆడిన పిల్ల. నిపోన్ దాస్ అనే కోచ్ కంట పడి, ఊరు వదిలి గువాహటి చేరింది. 2018 జులై 12న ఫిన్లాండ్‌లోని టాంపెరెలో అండర్-20 ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 51.46 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచింది. ప్రపంచ స్థాయి పోటీల్లో, ఏ వయసు విభాగంలోనైనా, ట్రాక్ మీద భారతదేశానికి అదే తొలి స్వర్ణం. (నీరజ్ చోప్రా 2016లోనే గెలిచాడు కదా అంటారేమో. అది జావెలిన్, ట్రాక్ కాదు. ప్రిలిమ్స్‌లో ఇలాంటి చోటే కాలు జారుతుంది.)

ఆ పోటీల్లోనే, ఫైనల్‌కు ముందు, మన అథ్లెటిక్స్ సమాఖ్య ఆమెకు ఇంగ్లిష్ అంత ధారాళంగా రాదని ట్విట్టర్‌లో రాసింది. జనం తిట్టిపోశాక క్షమాపణ చెప్పింది. తెలుగు మీడియంలో చదివి, ఇంటర్వ్యూ బోర్డును తలచుకుంటేనే నోరెండిపోయే మనలాంటి వాళ్లకు ఆ మాట ఎక్కడ తగులుతుందో వేరే చెప్పాలా?

నెలన్నర తర్వాత జకార్తా ఆసియా క్రీడలు. హీట్స్‌లో 51.00తో మంజీత్ కౌర్ పేరిట 2004 నుంచి ఉన్న జాతీయ రికార్డు చెరిగిపోయింది. మర్నాడు ఫైనల్‌లో 50.79తో రజతం. మహిళల 4×400 రిలేలో స్వర్ణం. మిశ్రమ రిలేలో వచ్చిన రజతం, బహ్రెయిన్ జట్టుపై వేటు పడటంతో 2020లో స్వర్ణమైంది. కానీ 200 మీటర్ల సెమీస్‌లో తుపాకీ మోగకముందే కదిలింది, అంతే, అవుట్. మనకు తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. అక్కడ ఒక్క కదలికకు మొత్తం పేపరే పోతుంది. కాబట్టి "పరీక్ష రాయకుండా వచ్చింది" అనే మాటను నేను మానేశాను. ఆమె రాసిన పరీక్షకు పేపర్ లీకేజీ ఉండదు, కీ మీద అభ్యంతరాలుండవు.

అయితే వేగంగా పరుగెత్తగలగడానికీ, ఒక సబ్ డివిజన్‌లో శాంతిభద్రతలు చూడగలగడానికీ సంబంధమేమిటి? ఈ ప్రశ్న న్యాయమైనదే. జవాబు క్రీడల్లో లేదు, ఏడో షెడ్యూల్లో ఉంది. పోలీసు రాష్ట్ర జాబితాలో 2వ అంశం. క్రీడలు అదే జాబితాలో 33వ అంశం కింద వస్తాయి. పతకం తెచ్చిన పిల్లకు జీవితాంతం భరోసా ఇవ్వాలంటే రాష్ట్రం చేతికి అందే పెద్ద బహుమతి యూనిఫాం. ఆటగాళ్లకూ అది తెలుసు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 5000 మీటర్ల స్వర్ణం గెలిచిన పారుల్ చౌదరి, చివరి 50 మీటర్లలో తన మనసులో మెదిలింది యూపీ ప్రభుత్వం ఇచ్చే డీఎస్పీ పోస్టేనని దాపరికం లేకుండా చెప్పింది. హిమ సంగతి కాస్త వేరు. చిన్నప్పుడు దుర్గాపూజకు అమ్మ బొమ్మ తుపాకీ కొనిచ్చేదట. పోలీసు కావాలన్నది తల్లీకూతుళ్లిద్దరి కోరిక.

ఇక్కడే నా అభ్యంతరం. కోరిక ఉన్న మనిషికి ఉద్యోగం ఇచ్చి, ఆ ఉద్యోగం ఎప్పుడు చేయాలో చెప్పకపోవడం ఇద్దరికీ నష్టం. ఆమె పరుగు ఆపలేదు, ఆపమనడమూ తప్పే. 2021లో తొడ కండరం గాయంతో టోక్యో పోయింది. 2022 బర్మింగ్‌హామ్‌లో 200 మీటర్ల సెమీస్ దాకా వెళ్లింది. 2023లో, డోపింగ్ పరీక్షల కోసం తానెక్కడ ఉంటానో ముందుగా చెప్పాల్సిన నిబంధన విషయంలో 12 నెలల్లో మూడు వైఫల్యాలు నమోదై, 16 నెలల నిషేధం పడింది. గుర్తుంచుకోండి, ఇది నిషిద్ధ పదార్థం దొరికిన కేసు కాదు. జకార్తాలో ఆమెను ఓడించిన సల్వా ఈద్ నాసర్ కూడా సరిగ్గా ఇలాంటి వైఫల్యాలకే రెండేళ్లు దూరమై, తిరిగొచ్చి, 2024 పారిస్‌లో రజతం గెలిచింది. ఎథిక్స్ పేపర్లో కేస్ స్టడీగా ఇస్తే దీన్ని "నిజాయితీ లోపం" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఇది ముందు జవాబుదారీతనానికి సంబంధించిన విషయం. పైగా ఆమె యూనిఫాం ఉన్న అధికారి కూడా కాబట్టి మరింత బరువైన విషయం.

మన దగ్గరికొస్తే, 2024 అక్టోబరు 11న సిరాజ్ తెలంగాణలో డీఎస్పీగా రిపోర్టు చేశాడు. అర్హత నిబంధన సడలించారు. చదువు ఇంటర్ వరకే. పది రోజుల తర్వాత, అక్టోబరు 21న, రెండుసార్లు ప్రిలిమ్స్ రద్దు చూసిన అభ్యర్థులు గ్రూప్-1 మెయిన్స్ మొదలుపెట్టారు. మండటం సహజం. కానీ ఆ రెండు రద్దులకూ సిరాజ్ కారణమా? మీ మూడేళ్లు తిన్నది ఆటగాళ్లు కాదు, పరీక్ష సరిగా పెట్టలేని వ్యవస్థ. కోపం అక్కడ పెట్టండి.

వ్యాసం పేపర్లో ఈ అంశం వస్తే నేనైతే ఇలా వాదిస్తాను: క్రీడాకారుల నియామకాలు నోటిఫికేషన్ ఖాళీల్లోంచి కాకుండా అదనపు పోస్టులుగా ఉండాలి. పోలీసు శిక్షణ ఎప్పుడు మొదలవ్వాలో, ఫీల్డ్ బాధ్యతలు ఎప్పుడివ్వాలో నియామక ఉత్తర్వులోనే రాయాలి. శిక్షణ పూర్తయ్యేదాకా హోదా, జీతం ఉండొచ్చు గానీ స్టేషన్లపై అధికారం ఉండకూడదు. మీరు దీనికి పూర్తి వ్యతిరేకంగానూ రాయొచ్చు. రాసేముందు మాత్రం మీ రాష్ట్ర జీవో ఒకటి తెచ్చుకుని, ఆ పోస్టు ఏ ఖాళీలోంచి వచ్చిందో చూడండి. నేను చెప్పిన మొదటి షరతు అక్కడ ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.