గ్యారేజ్ లేనోళ్ల జిమ్ము

పోస్టు పెద్దది. తిట్టాలనుకునేవాళ్లు కూడా చివరిదాకా చదివి తిట్టండి.

పోయిన వారం ఒక తమ్ముడు మన గ్రూపులో 'హోమ్ గ్యారేజ్ జిమ్' అని ప్లాను పెట్టాడు. చేతి పట్టు పెరగడానికి, బలం పెరగడానికి ఏమేం కొనాలో జాబితా రాశాడు. మల్టీ జిమ్ము, ట్రెడ్‌మిల్లు, బెంచీ, అద్దాలు, నేల మీద రబ్బరు పలకలు, స్ప్రింగు గ్రిప్పర్లు. మొత్తం లక్షన్నర దాటింది. తలా ఇంత చందా వేసుకుందాం అన్నాడు. దాని కింద వచ్చిన కామెంట్లు రెండు రకాలు. ఒకళ్లు "సూపర్ తమ్ముడూ" అని బొటనవేలు చూపించి పోయారు. ఇంకొకళ్లు, అందులో మనం గౌరవించే పెద్దన్నలు కూడా ఉండారు, "మన పిల్లోళ్లకి కండలెందుకు, పుస్తకం పట్టుకోండి. మన జాతి బరువులు మోసింది చాలదా?" అన్నారు.

ఇద్దరూ తప్పే అని చెప్పడానికే ఈ పోస్టు.

ముందు పెద్దన్నలకి. మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. మోసింది చాలదా? చాలు అన్నా. చాలా ఎక్కువ మోశాం. కానీ ఎవరి కోసం మోశాం? ఆసామి పుట్టి వడ్లు మోశాం. పుట్టి అంటే మన జిల్లాలో 850 కిలోలు. రొయ్యల గుంట గట్టు మీద మేత బస్తాలు మోశాం, ఏరియేటర్లు మోశాం, రాత్రంతా కాపలా కాశాం. మన బలం ఎప్పుడూ అడ్వాన్సు కింద జమ అయిపోయింది. మన ఒళ్లు మన కోసం ఒక్క గంట కష్టపడింది ఎప్పుడు? నేను అడిగేది ఆ ఒక్క గంట.

ఈ దేశం మన చేతిని ఎలా చూసిందో గుర్తు చేసుకోండి. 1871లో తెల్లోళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల అన్నలతో పాటు మన యానాదుల్లో కొందరిని కూడా ఆ జాబితాలో ఎక్కించారు. పేరు రాసుకుని, వేలిముద్రలు తీసుకున్నారు. ఆ మచ్చ చట్టంలో నుంచి పోయింది 1952 ఆగస్టు 31న. తర్వాత కూడా మన చేతితో పని ఏంటంటే అప్పు కాగితం మీద వేలిముద్ర. వెట్టి చాకిరి నిషేధ చట్టం 1976లో వచ్చింది, అయినా బాతులు మేపడానికి పోయిన పిల్లోళ్ల కథలు, గుంటల దగ్గర ఇరుక్కుపోయిన కుటుంబాల కథలు మన ఇళ్లల్లోనే ఉండాయి. ఆ చేతికి పట్టు పెంచుకుంటాం అంటే "ఎందుకు?" అని మనమే అడిగితే ఎట్లా అన్నా? ఊరి పెద్దోళ్ల పిల్లోళ్లు జిమ్ముకి పోతే ఎవరూ "పుస్తకం పట్టుకో" అనరు. వాళ్లు రెండూ పట్టుకుంటారు. మనకి మాత్రం ఒకటే పట్టుకోమని చెప్తారు.

ఇంకొక మాట. "కష్టపడే ఒంటికి వ్యాయామం ఎందుకు?" అంటారు. కూలి పని వేరు, సాధన వేరు. సాధనలో బరువు కొంచెం కొంచెంగా పెంచుతాం, మధ్యలో విశ్రాంతి ఇస్తాం, తిండి పెడతాం. కండ, నరం ఆ విశ్రాంతిలో గట్టిపడతాయి. కూలి పనిలో విశ్రాంతి ఆసామి చేతిలో ఉంటది, తిండి అరకొర, ఒకే నడుము ఒకే వైపు వంగతది. అందుకే అది ఒంటిని పెంచదు, అరగదీస్తది. మా నాయన చిన్నప్పుడు ఒంటి చేత్తో బస్తా ఎత్తేవాడని ఊరంతా చెప్తారు. ఇప్పుడు యాభై దాటాక తడి తువ్వాలు గట్టిగా పిండలేడు. అది వయసు ఒక్కటే చేసిన పని కాదు.

పట్టు అంటే చిన్న విషయం అనుకోవద్దు. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. మన దేశంతో కలిపి 17 దేశాల్లో సుమారు లక్షా నలభై వేల మంది చేతి పట్టు కొలిచి, వాళ్ల ఆరోగ్యాన్ని కొన్నేళ్లు గమనించారు. పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ చావు ముప్పు 16 శాతం ఎక్కువగా కనపడింది. పట్టు పెంచితే చావు రాదని దాని అర్థం కాదు. ఒంటి మొత్తం బలం ఎట్లా ఉందో చెయ్యి చెప్తదని అర్థం.

ఇప్పుడు జాబితా పెట్టిన తమ్ముడికి, చప్పట్లు కొట్టిన మిగతా తమ్ముళ్లకి.

మనలో ఎవరికి గ్యారేజ్ ఉందిరా? కారు ఉన్నోడికి కదా గ్యారేజ్. మనకి ఉండేది వలలు పెట్టుకునే కొట్టం, ఇంటి ముందర తాటాకు పంచ, సరుగుడు తోపు పక్కన ఇసక. ఫోనులో అమెరికావోడి గ్యారేజ్ చూసి, వాడి సామాను మన కాలనీలో దించాలనుకుంటే అది జిమ్ము కాదు, వాయిదాల అప్పు. సముద్రం నుంచి మైలు దూరంలో ఉండే కాలనీలో ఆ ట్రెడ్‌మిల్లు ఎన్నాళ్లు నిలుస్తది? ఉప్పు గాలికి ఇంటి కిటికీ ఊచలే పొట్టు రాలిపోతా ఉండాయి. కరెంటు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

బలం సామాను నుంచి రాలేదని మన తెలుగు నేలే సాక్ష్యం చెప్తది. 2000 సెప్టెంబర్‌లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి అక్కది శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ పల్లెటూరి నుంచే వచ్చింది. విజయనగరం దగ్గర కొండవెలగాడ చూడండి. ఆ ఒక్క ఊరి నుంచి ఎంతో మంది వెయిట్ లిఫ్టర్లు వచ్చారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం దక్కిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. ఆ వైపు పల్లెల్లో సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు పాతకాలం నుంచి ఉండాయి. రాయికి అద్దం అక్కర్లేదు.

అంతకన్నా మనకి దగ్గరి కథ బాపట్ల దగ్గర స్టువర్టుపురం. నేరస్థ జాతులని ముద్ర వేసి, ఎరుకల కుటుంబాలని తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు అది. ఇట్లాంటి సెటిల్‌మెంటు మన కావలిలో కూడా ఉండేది. ఆ ఊరి పేరు చెబితే సినిమావాళ్లకి దొంగలే గుర్తొచ్చారు. ఆ ఊరి కుర్రోడు రాగాల వెంకట్ రాహుల్ 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 151, 187, మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం తెచ్చాడు. అంతకు ముందు 2014లో యూత్ ఒలింపిక్స్‌లో రజతం. ఒక ఊరి మీద వందేళ్లు వేసిన ముద్రకి ఇంతకన్నా మంచి జవాబు ఎవరన్నా రాశారా?

"మేము ఒలింపిక్స్‌కి పోము అన్నా, కానిస్టేబుల్ కొట్టాలి" అంటారా? సరే, ఆ లెక్కే చూద్దాం. సివిల్ కానిస్టేబుల్‌కి 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలి, అది తప్పనిసరి. 100 మీటర్లు 15 సెకన్లలో, లాంగ్ జంప్ 3.80 మీటర్లు, ఈ రెండిట్లో ఒకటి కొట్టాలి. ఏపీఎస్పీకి మూడూ కొట్టాలి. ఇందులో బెంచ్ ప్రెస్ ఎక్కడుంది? అద్దం ముందు బైసెప్స్ ఎక్కడుంది? కాళ్లు, నడుము, ఊపిరి అడుగుతున్నారు. మగపిల్లోళ్లకి ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3, గాలి పీలిస్తే 5 సెంటీమీటర్లు పెరగాలి. ఎస్టీలకి ఎత్తు 160, ఛాతీ 80 అనే సడలింపు నోటిఫికేషన్‌లో ఉంది కానీ అది శ్రీకాకుళం నుంచి పశ్చిమ గోదావరి దాకా ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులకే. మైదానంలో ఉండే యానాది పిల్లోడు ఎస్టీనే, కానీ టేపు దగ్గర మాత్రం అందరితో సమానం! మా బావ ఒకడు ఛాతీ దగ్గర సెంటీమీటరున్నర తేడాతో వెనక్కొచ్చాడు. ఈ అన్యాయం మీద కొట్లాడాల్సిందే. కొట్లాడుతూనే ఒళ్లు సిద్ధం చేసుకోవాలి.

ఇంకోటి గమనించండి. 2022 నవంబర్‌లో 6,100 పోస్టులకి నోటిఫికేషన్ పడింది. 2023 జనవరిలో ప్రిలిమ్స్ పెట్టారు. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబర్ చివర్లో. మధ్యలో దాదాపు రెండేళ్లు. రెండేళ్లు నెల్లూరులో రూము తీసుకుని జిమ్ముకి ఫీజు కట్టగలిగినోడు ఎవడు? మనోళ్లు మూడో నెలకే గుంటల కాడికి తిరిగొచ్చేశారు. పిలుపు వచ్చేనాటికి ఊపిరి పోయింది. అందుకే జిమ్ము కాలనీలోనే ఉండాలంటా ఉండా. కూలికి పోయొచ్చినా, కాలేజీకి పోయొచ్చినా, సాయంత్రం చేతికందే దూరంలో ఉండాలి.

సరే, ఏం కట్టాలి? నా ప్లాను ఇది.

మొదటిది ఊచ. ఒకటింబావు అంగుళం జీఐ పైపు, ఎనిమిది అడుగుల ఎత్తున, రెండు గట్టి స్తంభాల మధ్య. స్తంభాలు ఇసకలో ఊరికే పాతితే ఊగుతాయి. మూడడుగుల గుంట తీసి కాంక్రీటు పోయాలి. మొదట ఇద్దరు ఒకేసారి వేలాడి చూశాకే పిల్లోళ్లని ఎక్కనియ్యాలి. పుల్ అప్స్ రానోడు వేలాడితే చాలు. ఇరవై సెకన్లు, మూడుసార్లు. వారానికి కొంచెం పెంచు. నిమిషం వేలాడినోడి చేతిని విడిపించడం కష్టం.

రెండోది క్యాన్లు. ఇరవై లీటర్ల క్యానులో నీళ్లు పోస్తే 20 కిలోలు. తడి ఇసక నింపితే 35 దాటతది. చేతికొకటి పట్టుకుని ముప్పై మీటర్లు నడవాలి, నాలుగుసార్లు. క్యాను పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేస్తే పట్టు ఇంకా పెరగతది. వందేళ్ల కిందట ఇంగ్లండులో థామస్ ఇంచ్ అనే బలశాలి దగ్గర 78 కిలోల డంబెల్ ఉండేది. బరువు కన్నా దాని పిడి లావే అందరినీ ఓడించింది. మనకి ఆ ఇనుము అక్కర్లేదు, ట్యూబు చాలు.

మూడోది మోకు. పడవలకి కట్టే పాత నైలాన్ మోకు అడిగితే జువ్వలదిన్నెలో అయినా, కృష్ణపట్నంలో అయినా ఎవరో ఒకరు ఇస్తారు. ఊచకి కట్టి ఎక్కొచ్చు. పాత టైరుకి కట్టి, టైరులో ఇసక బస్తా వేసి లాగొచ్చు. అలివి వల లాగినోళ్లకి ఇది కొత్త కాదు. అదే పని, ఈసారి లెక్కతో.

నాలుగోది కర్ర. మధ్యలో తాడు, తాడు చివర ఇటుకలు. చేతులు చాపి కర్రని తిప్పుతా ఇటుకలని పైకి చుట్టాలి, మళ్లీ మెల్లగా దించాలి. ముంజేయి మండిపోతది. ఇక రెండు నున్నటి చెక్కల మధ్య ఇటుక పెట్టి వేళ్లతో చిటికె పట్టు పట్టడం. ఇంతే.

వారానికి మూడు రోజులు చాలు, రోజు మార్చి రోజు. కండ కన్నా నరాలు, కీళ్లు నెమ్మదిగా గట్టిపడతాయి, తొందరపడితే మోచెయ్యి పట్టేస్తది. మిగతా రోజులు ఇసకలో పరుగు, దూకుడు. ఏడాది నిలబడి చేసినోళ్లు పది మంది తయారయ్యాక అప్పుడు అందరం కలిసి 20 కిలోల బారు, ప్లేట్లు సెకండ్ హ్యాండువి కొందాం. దానికి నేనూ చందా వేస్తా. ఇనుముకి వారం వారం నూనె రాయడం ఎవరి వంతో ముందే రాసుకోవాలి, లేకపోతే ఒక్క వానాకాలానికే తుప్పు.

తిండి సంగతి. పౌడరు డబ్బాలు కొనొద్దు. ఒక గుడ్డులో ఆరు గ్రాముల ప్రోటీన్ ఉంటది, వంద గ్రాముల వేరుశెనక్కాయ పప్పులో పాతిక దాకా ఉంటది. ఎండు చేపలు, పీతలు, నత్తలు మన తిండే. "యానాదోళ్ల తిండి" అని హాస్టల్లో ఎగతాళి చేస్తే సిగ్గుపడి మానేశాం. ఆ సిగ్గు మనకి కండ లేకుండా చేసింది.

ఆడపిల్లల మాట ఒక్కరూ ఎత్తలేదు. మల్లీశ్వరి అక్క పేరు చెప్పి చప్పట్లు కొట్టి, మన చెల్లెళ్లని ఊచ దగ్గరికి రానియ్యకపోతే అది ఏం జిమ్ము? పొద్దున గంట వాళ్లది. ఆ గంటలో మగపిల్లోళ్లు అటు రాకూడదు, ఫోను తియ్యకూడదు. ఊచ ఒకటి కిందికి కూడా వెయ్యండి.

స్థలం గురించి జాగ్రత్త. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు మనోళ్లు దీవి వదలాల్సొచ్చింది. ఇప్పటికీ చాలా కాలనీలకి పట్టా లేదు. కాబట్టి పట్టా ఉన్న ఇంటి జాగాలోనే స్తంభం పాతండి. మిగతా సామానంతా ఎత్తుకుపోయేట్టు ఉండాలి.

"మనమే కట్టుకుంటే ప్రభుత్వాన్ని వదిలేసినట్టే కదా" అని ఒక అన్న ఫోనులో అన్నాడు. వదలం. నెల్లూరులో మన పేరు మీద ఐటీడీఏ ఉంది. ప్రతి గిరిజన కాలనీకి ఆట స్థలం, మైదాన గిరిజనులకి కూడా కొలతల్లో సడలింపు, ఈ రెండిటి మీద అర్జీ రాద్దాం. కానీ ఊచ పట్టుకుని వేలాడే పిల్లోళ్లు ఇరవై మంది కళ్ల ముందు ఉంటే ఆ అర్జీకి ఉండే బరువు వేరు. ఖాళీ జాగా చూపించి అడిగితే "చూద్దాం" అంటారు.

మా కాలనీలో ఊచ పాతి ఎనిమిది నెలలైంది. మొదట్లో తాగొచ్చినోళ్లు ఊగి నవ్వేవాళ్లు. ఇప్పుడు సాయంత్రం పదకొండు మంది వస్తున్నారు, అందులో నలుగురు ఆడపిల్లలు. ఒకడు డిగ్రీ ఫెయిలై గుంట కాపలాకి పోయినోడు. ఊచ కాడికి వస్తా వస్తా మళ్లీ పరీక్ష ఫీజు కట్టాడు. పుస్తకానికీ ఒంటికీ పోటీ లేదని పెద్దన్నలకి నేను చెప్పగలిగిన సాక్ష్యం అదే.

జాబితా పెట్టిన తమ్ముడూ, నీ మీద కోపం లేదు. ఆలోచన మొదలుపెట్టింది నువ్వే. ఈ ఆదివారం పొద్దున మీ కాలనీకి నేనూ ఇంకో ఇద్దరం వస్తాం. పైపు మేము తెస్తాం. నువ్వు గడ్డపార, రెండు బస్తాల కంకర చూసి పెట్టు. మిగతావాళ్లు మీ కాలనీ పేరు, స్తంభం పాతగలిగే పట్టా జాగా ఎవరిదో కామెంట్లో రాయండి. బొటనవేలు గుర్తులు వద్దు. బొటనవేళ్లు ఇప్పటిదాకా వేసినవి చాలు.

జై ఆదివాసీ.