గాజుతొట్టెలో మొక్కలు పెంచుదాం, చెరువుల్ని కాపాడుకుందాం

నూజివీడు పట్టణ వర్తకులకు, హోటళ్ళ, ఆసుపత్రుల యజమానులకు, చేపల తొట్టెలు అమ్మేవారికి, విద్యార్థులకు విజ్ఞప్తి



బట్టల కొట్లోనో, నగల కొట్లోనో, డాక్టరుగారి దగ్గర చీటీ రాయించుకుని కూర్చునే గదిలోనో ఒక మూల చేపల తొట్టె మీకు కనిపించే ఉంటుంది. ఈసారి కాస్త దగ్గరికి వెళ్ళి చూడండి. అడుగున రంగు వేసిన గులకరాళ్ళు, వాటి సందుల్లో కుళ్ళిపోయిన మేత, ప్లాస్టిక్ మొక్కల మీద గోధుమరంగు జిడ్డు. గోల్డ్‌ఫిష్ నీటిపైకి వచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తుంటుంది. పిల్లలు అది ఆడుకుంటోందని మురిసిపోతారు. కానీ అది ఆడుకోవడం లేదు. నీళ్ళలో ప్రాణవాయువు చాలక ఊపిరి కోసం పైకి వస్తోంది. వారం తిరగకుండా ఆ చేప చచ్చిపోతుంది, ఇంకొకటి కొని వేస్తారు. మూడు నాలుగుసార్లు ఇలా జరిగాక విసుగొచ్చి మిగిలినవాటిని చెరువులో వదిలేస్తారు. ఖాళీ తొట్టె పెరట్లో పడి వాన నీళ్ళు పట్టి డెంగీ దోమలకు నిలయమవుతుంది.

ఈ పద్ధతి మారాలి. మేము ముఖ్యంగా కోరేవి రెండు. దుకాణంలో తొట్టె పెడితే ప్రాణమున్న మొక్కలతో పెట్టండి. తొట్టెలోని చేపనుగానీ మొక్కనుగానీ చెరువులోకి, కాలువలోకి పోనివ్వకండి.

చెరువులో వదిలింది ఎక్కడికి పోతుంది?

తొట్టె శుభ్రం చేస్తుందని చెప్పి అమ్మే సక్కర్ చేప మీకు తెలుసు. నల్లటి ఒళ్ళు, దాని మీద మచ్చలు, గాజుకు అతుక్కునే నోరు. కొన్నప్పుడు రెండంగుళాలుంటుంది. దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన ఈ జాతి అడుగున్నర దాకా పెరుగుతుంది. అప్పుడు తొట్టె చాలదు, చంపడానికి మనసొప్పదు. పుణ్యం చేస్తున్నామనుకుని చెరువులో వదులుతారు. జాలర్లు దెయ్యం చేప అని తిట్టుకునేది దాన్నే. దాని ఒంటి మీద ఎముక పలకలు, రెక్కలకు గట్టి ముళ్ళు. వలలో పడితే వల చిరుగుతుంది. బజారుకు తెస్తే కొనేవాడుండడు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. పాచితో పాటు మన చేపల గుడ్లనూ మింగేస్తుంది. దుకాణంలో అందం కోసం పెట్టిన చేప చివరికి జాలరి కుటుంబం నోటికాడ కూడు లాగేస్తోంది.

గుర్రపుడెక్క సంగతీ అంతే. ఊదారంగు పూలు బాగున్నాయని 19వ శతాబ్దం చివరలో దక్షిణ అమెరికా నుంచి మన దేశానికి తెచ్చారు. ఈనాడు కాలువల్లో దాన్ని తీయించలేక రైతులూ అధికారులూ ఏటా అవస్థ పడుతున్నారు. అందం కోసం తెచ్చిన ఒక్క మొక్క ఎంత నష్టం చేయగలదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన చెరువులో వదిలింది మన చెరువులోనే ఉంటుందనుకోవడం పొరపాటు. 2024 వరదల్లో మన ఊరి పెద్దచెరువుకు గండి పడి నీళ్ళు ఇళ్ళల్లోకి వచ్చిన సంగతి ఎవరూ మరచిపోలేదు. చెరువు పొంగితే వాగు, వాగు పొంగితే ఏరు. రామిలేరు, తమ్మిలేరు, బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందిన సరస్సు అది. అక్కడి ఆటపాక పక్షుల కేంద్రానికి వచ్చే గూడబాతులూ, సరస్సు చుట్టూ వలలు వేసుకునే వేల కుటుంబాలూ ఆ నీటి మీదే బతుకుతున్నాయి. నూజివీడు దుకాణంలో ఒక బకెట్టు వంచేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

మొక్కలే ఎందుకు?

1850 ప్రాంతంలో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త గాజుతొట్టెలో రెండు గోల్డ్‌ఫిష్‌లనూ వాలిస్నేరియా అనే నీటిమొక్కనూ పెట్టి చూశాడు. మొక్క ఆకులు కుళ్ళి నీళ్ళు మురికి పట్టాయి. నత్తల్ని వేశాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తిన్నాయి, నీళ్ళు తేటపడ్డాయి, తొట్టె నిలబడింది. చేప, మొక్క, నత్త ఒకదాన్నొకటి బతికిస్తాయన్న ఈ సూత్రం మీదే ఇంటి తొట్టెల పెంపకం మొదలైంది. అదే జాతి మొక్క మన చెరువుల్లోనూ పెరుగుతుంది. ఎక్కడినుంచో తెప్పించుకోనక్కర్లేదు.

దీని వెనుక కారణం తేలికగానే అర్థమవుతుంది. చేప విసర్జనలోనూ మిగిలిన మేతలోనూ పుట్టే అమోనియా చేపకు విషం. సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొక్కలు అమోనియానూ నైట్రేట్‌నూ ఎరువుగా పీల్చుకుంటాయి. వెలుతురులో ప్రాణవాయువు వదులుతాయి. నాచుకు మేత మిగలదు కాబట్టి అద్దం పచ్చబడదు. ప్లాస్టిక్ మొక్క వీటిలో ఒక్క పనీ చేయదు.

మన ఎండల్లో ఈ సాయం మరీ అవసరం. 25 డిగ్రీల నీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు కరుగుతుంది. 32 డిగ్రీలకు వచ్చేసరికి అది 7.3 మిల్లీగ్రాములకు పడిపోతుంది. నీళ్ళు వేడెక్కేకొద్దీ చేపకు కావలసిన గాలి మాత్రం పెరుగుతుంది. మే నెలలో కరెంటు పోయిన గంటకే చేపలు తేలిపోవడానికి కారణం ఇదే.

దుకాణానికీ లాభముంది. 2015లో వెలువడిన ఒక అధ్యయనం కోసం ఇంగ్లండులోని ప్లిమత్ నేషనల్ మెరైన్ అక్వేరియంలో పెద్ద తొట్టె ముందు మనుషుల్ని ఉంచి చూస్తే, చేపలూ జీవరాశీ పెరిగేకొద్దీ వాళ్ళ గుండె వేగం తగ్గింది. వరుస కోసం ఎదురుచూసే రోగికైనా, చీరల బేరం తెమిలేదాకా విసిగే పిల్లలకైనా ఆ నెమ్మది మేలే చేస్తుంది.

తొట్టె కట్టే పద్ధతి

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టె దుకాణానికి సరిపోతుంది. అందులో సుమారు 190 లీటర్ల నీళ్ళు పడతాయి. గాజు, ఇసుక, రాళ్ళు కలిపితే బరువు పావు టన్నుకు తగ్గదు. బల్ల గట్టిగా, మట్టంగా ఉండాలి. తొట్టె కింద థర్మోకోల్ షీటు పరవాలి. గుమ్మం ఎండ తగిలే చోట పెట్టకూడదు.

మన మామిడి నేలల ఎర్రమట్టిలో ఇనుము ఉంటుంది. మొక్కలకు అది బలం. అయితే మందులు కొట్టిన తోట మట్టి పనికిరాదు. ఎరువూ మందూ తగలని చోట తవ్వి, జల్లించి, రెండు మూడుసార్లు తడిపి ఆరబెట్టి, అంగుళం మందాన పరవండి. దాని మీద కడిగిన ముతక ఇసుక అంగుళమున్నర. కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇసుక కడగాలి. రాళ్ళు పెట్టేముందు నిమ్మరసం చుక్క వేసి చూడండి. నురగ వస్తే అది సున్నపురాయి, వద్దు. అలంకారానికి మామిడి కొమ్మ పెట్టకండి. త్వరగా కుళ్ళుతుంది. చేవ ఉన్న ఎండు కొయ్యను ఉడకబెట్టి వాడండి.

వెనక వరుసలో వాలిస్నేరియా, పక్కల్లో హైడ్రిల్లా, మధ్యలో లిమ్నోఫిలా, బకోపా, ముందు క్రిప్టోకొరైన్ నాటండి. అనూబియాస్, జావా ఫెర్న్ వేస్తే వాటి దుంపను ఇసుకలో పూడ్చకుండా కొయ్యకు దారంతో కట్టాలి. మొదటి రోజే తొట్టె నిండుగా నాటడం ముఖ్యం. పలచగా నాటిన చోటును నాచు ఆక్రమిస్తుంది.

జపాను కళాకారుడు తకాషి అమానో తొట్టెల బొమ్మలు చూపించి మొక్కలకు బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) సిలిండరు తప్పనిసరి అని ఎవరైనా చెబితే నమ్మకండి. 1999లో డయానా వాల్‌స్టాడ్ రాసిన పుస్తకం మట్టి అడుగుతోనే, సిలిండరు లేకుండా మొక్కల తొట్టె నడపవచ్చని వివరించింది. పైన చెప్పిన మొక్కలకు సిలిండరు అక్కర్లేదు.

లైటు రోజుకు 6 నుంచి 8 గంటలు చాలు. కొట్టు తెరిచినప్పటి నుంచి మూసేదాకా వెలిగిస్తే పెరిగేది నాచే. టైమర్ పెట్టి మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 9 దాకా వెలిగించండి. సాయంత్రం బేరం వేళకు తొట్టె కళకళలాడుతుంది. ఫిల్టరు మాత్రం రాత్రీపగలూ నడవాలి. చీకట్లో మొక్కలూ ప్రాణవాయువునే పీలుస్తాయి.

నీళ్ళు పోసిన రోజే చేపల్ని వేయకూడదు. సూక్ష్మజీవులు స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే ఆషాఢంలో తొట్టె కట్టమంటున్నాం. అప్పటికి మామిడి హడావుడి తగ్గుతుంది, ఎండ దిగుతుంది. శ్రావణమాసం పెళ్ళి బేరాల నాటికి తొట్టె సిద్ధమవుతుంది. మళ్ళీ వేసవి వచ్చేసరికి మొక్కలు బాగా వేళ్ళూనుకుని ఉంటాయి.

ఏ చేపలు?

మన వాగుల పరిగెలు, పంచాక్స్, గ్లాస్ ఫిష్, జీబ్రా డానియో. రెండంగుళాల చేపలు ఇరవై దాకా ఆ మూడడుగుల తొట్టెకు సరిపోతాయి. పంచాక్స్ దోమ పిల్లల్ని తింటుంది. జీబ్రా డానియో మన దేశపు వాగుల చేప. హైదరాబాదు సీసీఎంబీతో పాటు ప్రపంచమంతటా పరిశోధనశాలల్లో దాన్ని పెంచుతున్నారు. పెంపకందారుల దగ్గరే కొనండి. కొల్లేరు అభయారణ్యం నుంచి ఏదీ తేకండి. తాబేళ్ళ జోలికి అసలు పోవద్దు. మన తాబేళ్ళలో చాలా జాతులకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది.

మన ఊళ్ళో ముఖ్యంగా చూసుకోవలసినవి

పురుగుమందు: తేనెమంచు పురుగుకు మామిడి తోటల్లో కొట్టే మందులు చాలావరకు చేపకు ప్రాణాంతకం. పైరెత్రాయిడ్ మందు అయితే అతి కొద్దిపాటి మోతాదే చాలు. తోటనుంచి వచ్చిన చేతులతో తొట్టెలో చెయ్యి పెట్టకండి. ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొట్లో తొట్టె పెట్టనే వద్దు.

దోమల చుట్ట: చుట్టలోనూ ప్లగ్గు మందులోనూ ఉండేది ఆ పైరెత్రాయిడ్ కుటుంబపు మందే. గాలి పంపు గదిలోని గాలినే పీల్చి నీళ్ళలోకి తోస్తుంది. చుట్ట వెలిగించిన గదిలో పంపు నడిస్తే పొగ నేరుగా చేప ఊపిరిలోకి వెళుతుంది. తొట్టె ఉన్న గదిలో చుట్ట వద్దు. పూజ అగరుబత్తీ కూడా దూరంగా పెట్టండి.

నీళ్ళు: కుళాయి నీళ్ళను ఒక రోజు నిలవబెట్టి క్లోరిన్ పోయాక వాడండి. ఆర్వో నీళ్ళు ఒక్కటే పోస్తే మొక్కలకు ఖనిజాలు అందవు. వాలిస్నేరియా ఖనిజాలు ఎక్కువున్న బోరు నీటిలోనూ బాగానే పెరుగుతుంది.

మేత: రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత, ఒక్క మనిషి చేతిమీదుగానే వేయాలి. కొనడానికి వచ్చినవాళ్ళు బిస్కెట్టు ముక్క వేయకుండా పైన మూత ఉంచండి.

వారానికొకసారి పావువంతు నీళ్ళు మార్చండి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కాకుండా తీసిన తొట్టె నీటిలోనే పిండండి. లేదంటే క్లోరిన్‌కు సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఆ నీళ్ళను కాలువలో పారబోయక కుండీల్లో పోయండి, మంచి ఎరువు. కత్తిరించిన మొక్కల్ని ఎండలో పూర్తిగా ఎండబెట్టి కంపోస్టులో వేయండి.

కరెంటు ఖర్చు ఎక్కువని వెనకాడనక్కర్లేదు. 30 వాట్ల లైటు 8 గంటలు, 15 వాట్ల ఫిల్టరు రోజంతా నడిస్తే నెలకు 18 యూనిట్లు. పనికి వారానికి ఒక గంట పడుతుంది. వాస్తు కోసం పెద్ద ఆరోవానానో ఫ్లవర్‌హార్నో పెట్టుకున్నవారికి మనవి: మన పెద్దలు శుభమన్నది తేట నీటినీ, పచ్చదనాన్నీ, ప్రాణమున్న జీవాన్నీ. ఇరుకు తొట్టెలో తిరగలేక తల్లడిల్లే చేప ఏ ఇంటికీ శుభం కాదు.

మా కోరికలు

1. వర్తక సంఘం తమ సభ్యుల దుకాణాల్లోని తొట్టెలన్నిటినీ ఒకసారి చూసి రావాలి. నడపలేనివాటిని మూసేయించాలి. నడపగలవాటిని మొక్కల తొట్టెలుగా మార్పించాలి.

2. చేపలు అమ్మే ప్రతి దుకాణంలో ఒక తొట్టెను తిరిగి ఇచ్చే చేపల కోసం కేటాయించాలి. వద్దనుకున్న చేప చేరవలసింది అక్కడికే. సక్కర్ చేపనూ ఎర్రచెవుల తాబేలునూ అమ్మడం మానాలి. పరాయి జాతుల చొరబాటును అరికట్టే అధికారాన్ని 2022 సవరణతో వన్యప్రాణి చట్టమే ప్రభుత్వానికిచ్చింది. చట్టం తలుపు తట్టకముందే మనమే మారుదాం.

3. పురపాలక సంఘం చెరువు గట్ల మీద "తొట్టె చేపల్ని ఇక్కడ వదలరాదు" అని బోర్డులు పెట్టాలి. పెరట్లో నీళ్ళు నిలిచిన పాత తొట్టెల్ని దోమల తనిఖీలో చేర్చాలి.

4. ట్రిపుల్ ఐటీ, కళాశాలల విద్యార్థులు నీటి పరీక్ష నేర్చుకుని దుకాణాలకు తోడ్పడాలి. పది దుకాణాలు కలిసి ఒక యువకుడికో యువతికో నెలజీతం ఇస్తే అన్ని తొట్టెలూ చక్కగా నడుస్తాయి, ఒకరికి ఉపాధీ దొరుకుతుంది.

నూజివీడు పేరు చెబితే రాష్ట్రమంతా చిన్నరసం మామిడిని తలుచుకుంటుంది. మొక్కను నాటి, కాపు వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఓపిక పట్టడం తెలిసిన ఊరు మనది. ఆ ఓపికలో ఆరు వారాలు ఒక గాజుతొట్టెకు ఇవ్వమని అడుగుతున్నాం. ఈ కరపత్రం చదివిన ప్రతి దుకాణదారూ రేపు కొట్టు తెరవగానే తన తొట్టె ముందు నిలబడి నిర్ణయం తీసుకోవాలి: దాన్ని సరిగా పెంచడమా, లేక మర్యాదగా మూసేయడమా. చెరువులో వంచడం మాత్రం ఈ రోజుతో ఆగాలి.

ఇట్లు,
చెరువుల మేలు కోరే మీ సాటి నూజివీడు వాసులు