ఆగి ఉన్న లారీదీ తప్పే

రాత్రిపూట హైవే మీద ఆపిన లారీని బైకు వెనక నుంచి గుద్దితే మన ఊళ్లల్లో తీర్పు అక్కడికక్కడే అయిపోతుంది. ‘ఆగున్న బండిని పోయి గుద్దినోడిదే తప్పు. కేసేసినా పైసా రాదు. ఓనరు ఆస్పత్రి ఖర్చులకు ఎంతో కొంత ఇస్తానంటున్నాడు, తీసుకుని సంతకం పెట్టండి.’ ఇలా చెప్పే పెద్దమనుషులు చెడ్డవాళ్లు కారు. కానీ ఆ మాట శుద్ధ తప్పు. కాలు పోయిన మనిషికి జీవితాంతం దక్కాల్సినదాన్ని ఒక ఆస్పత్రి బిల్లుతో చెల్లగొట్టేస్తోంది.

విజయవాడ హైవే మీద చీకటి పడ్డాక ప్రయాణం చేసినవాళ్లకు ఆ లారీలు తెలుసు. సగం బండి రోడ్డు మీదే ఉంటుంది. వెనక లైటు వెలగదు, రిఫ్లెక్టరు స్టిక్కరు మట్టి కొట్టుకుపోయి ఉంటుంది. టైరు పంచరైతే నాలుగు రాళ్లు, ఒక చెట్టుకొమ్మ పెడతారు. ఎదురుగా వచ్చే బస్సు లైట్లకు కళ్లు చెదిరినవాడికి ఆ కొమ్మ కనపడేసరికి బ్రేకు వేసే వ్యవధి ఉండదు. ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని ఆపి వదిలేయకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. 2018లో ఇలాంటి కేసే సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. పార్కింగ్ లైట్లు లేకుండా రోడ్డు మధ్యలో ఆపిన గ్యాస్ ట్యాంకరును కారు గుద్దింది. కారు నడిపినవాడిదీ సగం తప్పేనన్న హైకోర్టు నిర్ణయాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది.

ప్రతి కేసూ అలా తేలదు, నిజమే. బైకు మితిమీరిన వేగంతో వచ్చిందని రుజువైతే పరిహారం తేల్చే ట్రైబ్యునల్ తప్పును ఇద్దరికీ పంచుతుంది. అప్పుడైనా బాధితుడి వాటా మేరకే పరిహారం తగ్గుతుంది తప్ప మొత్తం పోదు. వెనక కూర్చున్న భార్యకైతే ఆ కోతా ఉండదు. తప్పు ఇద్దరు డ్రైవర్లదీ అయినా ఆమె మొత్తం సొమ్మును లారీ తరఫు నుంచే రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది.

‘పాపం, ఓనరు అప్పుల్లో ఉన్నాడు’ అంటారు. అందుకే గదా చట్టం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి చేసింది! బీమా అమల్లో ఉంటే మామూలుగా డబ్బు కట్టేది కంపెనీ. ఓనరు మీద జాలితో రాజీ పడితే మిగిలేది కంపెనీ సొమ్ము. వైకల్యం లెక్క కూడా డాక్టరు రాసిన శాతంతో ఆగదు. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికీ డ్రైవరుకూ సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టేనని 2010 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏ పంచాయితీలో ఈ లెక్క వేస్తారు?

క్లెయిము పిటిషన్‌కు 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. బాధితుడు మంచం దిగేలోపే అందులో సగం కరిగిపోతుంది. కాబట్టి ఇంట్లోవాళ్లే కదలాలి. ప్రమాదం జరిగిన చోటే కాదు, సొంత జిల్లాలోనూ వేయొచ్చు. ఆడవాళ్లకు, వికలాంగులకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. ఎఫ్ఐఆర్‌లో తప్పు బైకువాడిదేనని రాసినంత మాత్రాన భయపడక్కర్లేదు, ట్రైబ్యునల్ తన ముందున్న సాక్ష్యాన్ని విడిగా తూచుకుంటుంది. ఆ సాక్ష్యం మిగలాలంటే లారీని పక్కకు తీయకముందే దాని వెనక భాగాన్ని ఎవరో ఒకరు ఫోటో తీయాలి. పోలీసులు కూడా ప్రతి పంచనామాలో ఒక్క వాక్యం తప్పక రాయాలి: ఆ సమయానికి పార్కింగ్ లైటు వెలుగుతోందా, లేదా?